నాన్న వెనక్కి పంపిన మనిషి

మాఘమాసం వెళ్లీ వెళ్లకముందే బ్రాడీపేటలో మా ఇంటిదాకా మిరపకాయల ఘాటు వస్తుంది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్లిన రోజు మా వీధి వీధంతా తుమ్ముతుంది, ఎదురింటి కోచింగ్ సెంటరు పిల్లలు ముక్కులకు రుమాళ్లు కట్టుకుంటారు, మా కోడలు కిటికీలన్నీ మూసేస్తూ ఈ గాలి ఎలా పీలుస్తారో మీరు అని నన్ను విసుక్కుంటుంది. నాకది మా నాన్న చొక్కా వాసన. కావాలనే ఒక కిటికీ తెరిచి కూర్చుంటాను.

నాన్న సువార్తికుడు. మిషను వాళ్లు ఆయన్ను ప్రకాశం జిల్లాలో నల్లరేగడి నేలల మధ్య ఒక ఊరికి పంపితే, ఒక పాత సైకిలూ, అమ్మా, ఆరేళ్ల నేనూ ఆయన వెంట వెళ్లాం. తాటాకుల పాకే గుడి, దాని వెనక వసారాయే ఇల్లు. కోతల రోజుల్లో కల్లాలన్నీ ఎర్రగా పరుచుకునేవి. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలకు తొడిమలు తీస్తుంటే అమ్మ వాళ్ల మధ్య కూర్చుని తనూ తీస్తూ బైబిలు కథలు చెప్పేది, మేం పిల్లలం రాశుల చాటున దాగుడుమూతలాడి తుమ్ములతోనే దొరికిపోయేవాళ్లం, సాయంత్రానికి చేతులు భగ్గుమంటే ఆముదం రాసుకునేవాళ్లం, మరిచిపోయి కళ్లు నులుముకున్నవాళ్లు ఊరంతా వినపడేట్టు ఏడ్చేవాళ్లు. క్రిస్మస్ అరిసెలకు కూడా ఆ ఘాటు అంటుకునే ఉండేది.

దెబ్బలకూ ఆ ఊళ్లో కొదవ లేదు. బజార్లో నిలబడి వాక్యం చెబుతున్న నాన్నను ఒకసారి ఎవరో చేతికర్రతో నెత్తిమీద కొట్టారు. రక్తం కళ్లలోకి కారుతుంటే కండువాతో అదుముకుంటూ ఇంటికొచ్చి, "ఆయన చిత్తం" అన్నాడు. ఇంకోసారి రాళ్లు రువ్వారు. కింది పెదవి చీలి వారం రోజులు గంజే తాగాడు, అప్పుడూ అదే మాట. ఆరబోసిన కాయల మీద వాన కురిసినా అదే, నాకు టైఫాయిడ్ వచ్చినా అదే. వింటే నాకు ఒళ్లు మండేది, ఆ దేవుడికి ఇంకేం పని లేదా అనుకునేదాన్ని. అయితే ఒకటి చెప్పాలి. ఆయన నటించలేదు. కుట్లు పడ్డ తలతోనే మళ్లీ అదే బజారుకి వెళ్లి, కొట్టినవాడి దగ్గర సైకిలాపి, బాగున్నావా అని అడిగి వచ్చాడు. తన ఒంటి మీది దెబ్బ వరకూ ఆ నమ్మకానికి నేను ఇవాళ్టికీ దండం పెడతాను.

నాగమ్మ సంగతి వేరు. తొడిమలు తీయడంలో ఊళ్లో ఆమె చేతికి ఎదురు లేదు. మొగుడు శేషయ్య పత్తి లారీలకు బస్తాలు మోసే మనిషి. గుడికి వెళ్లిందని కొట్టేవాడు, కూరలో ఉప్పు తగ్గిందని కొట్టేవాడు, ఏమీ దొరక్కపోతే ఊరికే కొట్టేవాడు. ఆమె మా పాకకు పరిగెత్తుకొచ్చేది. నాన్న ఆమె నుదుటికి నూనె రాసి, ప్రార్థన చేసి, "ఓర్చుకో అమ్మా, దేవుడు చూస్తున్నాడు" అని చెప్పి, తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లి శేషయ్యకు అప్పజెప్పి వచ్చేవాడు. అప్పటి పాస్టరు అయ్యగార్లంతా చేసిన పనే అది, కాపురం నిలబెట్టడం కూడా దేవుడి పరిచర్యేనని వాళ్ల లెక్క. రెండుసార్లు అలా పంపాడు.

మూడోసారి ఒక మిట్టమధ్యాహ్నం వచ్చింది. ముంజేయి విరిగి వేలాడుతోంది. ఈసారి వెళితే చంపేస్తాడని నాగమ్మ మా అమ్మ కాళ్లు పట్టుకుంది. మన దగ్గరే ఉంచుకుందామని అమ్మ ఎంత పోరినా నాన్న వినలేదు. చేతికి కట్టు కట్టించి, నూనె రాసి, బయల్దేరదీశాడు. నేనూ వెనకాలే వెళ్లాను. వాకిట్లో శేషయ్య తలొంచుకుని, తప్పయిపోయిందన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. మేం మలుపు తిరిగామో లేదో అరుపు వినపడింది. మనిషి అరిచినట్టు లేదు. వెనక్కి పరిగెత్తాం. శేషయ్య ఆమె జుట్టు పట్టుకుని తలను రోటికేసి అదిమిపెట్టి, దంచిన కారం గుప్పిళ్లతో తీసి కళ్లలో కుక్కుతున్నాడు. నాన్న మీదపడి లాగితే రోకలెత్తి మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు దుమ్ములో పడటం నేను చూశాను. అయినా నాన్న వదల్లేదు. చీమకు కూడా హాని చెయ్యని మా నాన్న శేషయ్య గొంతు పట్టుకుని, నోట్లోంచి రక్తం కారుతున్నా పిసుకుతూనే ఉన్నాడు. నలుగురొచ్చి వేళ్లు విడదీయాల్సి వచ్చింది.

నాగమ్మకు ఒక కన్ను పోయింది. ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చాం. నాన్న ఆమె మంచం పక్కన కూర్చుని, వాచిన మూతితో ఏదో అనబోయాడు. ఆయన చిత్తం అనే అంటాడని నాకు భయం వేసింది. ఆమె అననివ్వలేదు.

"దేవుడు చూడలేదని నేనననయ్యగారూ. చూశాడు గనకే మూడుసార్లు నన్ను మీ గుమ్మానికి తోలాడు. ఎనక్కి పంపింది మీరు."

నాన్న లేచి పాకలోకి వెళ్లాడు. ఆయన గొంతెత్తి ఏడవగా వినడం నాకదే మొదటిసారి. మర్నాడే పోలీసు స్టేషనుకు వెళ్లి, తను చేసింది కూడా దాచకుండా అంతా రాసిచ్చాడు. శేషయ్య జైలు నుంచి వచ్చి మా పాక మీద రాళ్లేశాడు, ఒకసారి నిప్పూ పెట్టాడు. నాన్న నాగమ్మను పంపలేదు. ఆమె మాతోనే ఉండిపోయి నన్ను పెంచింది. ఆ తర్వాత ఆయన చిత్తం అనే మాట నాన్న తన నొప్పులకే వాడుకున్నాడు, పేగు క్యాన్సరుతో పోయేదాకా. ఇంకొకరి గాయం మీద మాత్రం మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఆ పాక లేదు. కల్లాలున్న చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. అరిసెలు కొనుక్కుంటున్నాం. నాన్న, అమ్మ, నాగమ్మ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఓర్చుకో అన్న మాట ఒక్కటే చావలేదు. మొన్న ఆదివారం ఇక్కడ మా గుడిలో, పెదవి చిట్లి, మెడ మీద వేళ్ల అచ్చులున్న ఒక పిల్లకు మా కుర్ర పాస్టరుగారు మెత్తగా అదే చెబుతుంటే, లేచి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి మా ఇంటికి తెచ్చాను. పాస్టరుగారికి కోపం వచ్చింది. రానీ.

మళ్లీ మా ఆయన దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి ఆంటీ అని ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ ఆ పిల్ల అడిగింది. వెళ్లక్కర్లేదమ్మా అన్నాను.