బుడంకాయ బేరం

రోజ ఇంట్లో శాలువాలకు కొదవ లేదు. జొన్న బస్తా మీద ఒకటి, మేకపిల్ల కింద ఒకటి. అత్త సాలమ్మ అయితే ఎర్రదాన్ని మడతపెట్టి పొయ్యి మీది గిన్నెలు దించుకుంటుంది. అన్నీ సన్మానాలే. నారాయణఖేడ్ చుట్టుపక్కల బొమ్మను మాట్లాడించే మనిషి రోజ ఒక్కతే. అందరూ పిలుస్తారు, అందరూ కప్పుతారు.

శాలువా అంటే మన దగ్గర కూలి ఎగ్గొట్టడానికి కనిపెట్టిన గౌరవం. టెంటు వేసినవాడికీ మైకు పెట్టినవాడికీ లెక్కకట్టి ఇస్తారు. నవ్వించిన మనిషికి మాత్రం చప్పట్లు చాలంటారు. చప్పట్లు పోస్తే కుక్కరు విజిల్ వేస్తుందా?

ఆ బొమ్మ పేరు బుడంకాయ. పాత మేజోడు, రెండు గుండీ కళ్ళు, ఎర్రగుడ్డ నోరు. చర్చిలో ఆదివారం పిల్లలకు చేప మింగిన యోనా కథ చెప్పడానికి రోజే చేసింది. పిల్లలు చేపను మరిచిపోయి బొమ్మ వెంట పడ్డారు. అప్పటి నుంచీ రోజకు అదే పిచ్చి. పళ్ళు దగ్గరపెట్టి, పెదవులు కొంచెం తెరిచి, కదపకుండా నాలుకతోనే మాట పుట్టించాలి. పత్తి చేన్లో అట్లా బిగుసుకుని గొణుగుతుంటే తోటి కూలీలు “పండ్లు నొస్తున్నయానే?” అని లవంగం తెచ్చిచ్చారు.

ఇంత నేర్చిన మనిషికి ఒక్క మాట మాత్రం రాదు. తన రేటు. “ఎంతియ్యాలె?” అనగానే ఆ పెదవులు నిజంగానే కదలవు. “మీకు తోచింది సారూ” అంటుంది. వాళ్ళకు శాలువా తోస్తుంది.

మొన్న కల్హేర్‌లోని ఒక బడి వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది. ఆటో నడిపే భర్త ఇమ్మానుయేల్ తేల్చేశాడు. “గీసారి గూడ శాలువాతోటే వస్తే బొమ్మను అటక మీద పెట్టు. ఇగ పత్తికి పో.”

రోజ ఏడుపు మొహంతో పక్కింటి గౌసియా దగ్గరికి పరుగెత్తింది. జాకెట్లు కుట్టి బతికే గౌసియాయే బుడంకాయకు చొక్కాలు కుడుతుంది.

“రేటు జెప్పకుండ నేను గుడ్డ మీద కత్తెర పెడతనా?” అంది గౌసియా. “కోసినంక బేరమాడితే మునిగేది మనమే. ఆటో కిరాయి, పోయిన పత్తి కూలి, నువ్వు నేర్సుకున్న కష్టం, అన్నీ కలుపు.”

కలిపారు. మూడు వేలు తేలింది.

“అమ్మో, గంత నేనడగలేనక్కా!”

“నువ్వెందుకే పాగల్, వాణ్ణి అడగమను.” బొమ్మను రోజ చేతికి తొడిగి, బడి నడిపే బసవరాజ్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. ఫోన్లో పెదవులు కనిపించవన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. రోజ నిటారుగా కూర్చుని, మూతి కదపకుండా మొదలుపెట్టింది.

“సారూ, నేను బుడంకాయను. మూడు వేలు. సగం ముందుగాలనే.”

బసవరాజ్ పగలబడి నవ్వాడు. “అరె బొమ్మ! వెయ్యి తీస్కోరా. శాలువా గూడ కొన్న.”

“శాలువా టెంటోనికి కప్పు. ఆనికి చలిపెడుతుండొచ్చు.”

“పదిహేను వందలు.”

“గది నా నోటికే చాలదు. ఆమె నోరు ముస్కొని కూసున్నందుకు వేరే!”

గౌసియా నోట్లో కొంగు కుక్కుకుంది. బసవరాజ్ ఆ మేజోడుతో చెమటలు పట్టేదాకా బేరమాడి విసిగిపోయాడు.

“నీతోని కాదుర. ఫోన్ ఆమెకియ్యి. ఆమె మంచిది, సమజైతది.”

గౌసియా నోట్లోంచి కొంగు తీసేసింది. మంచిది అంటే తక్కువకు వచ్చేది అని రోజకు అప్పుడే తెలిసివచ్చింది. బొమ్మను తీసి ఒళ్ళో పడుకోబెట్టింది. గౌసియా ఆమె మోకాలు గిచ్చింది. రోజ పెదవులు కలిశాయి, విడిపోయాయి.

“నమస్తే సారూ, రోజను. మూడు వేలు వాని రేటు. నాది ఐదొందలు అలగ్.”

“ఏందీ?”

“మూడు వేల ఐదొందలు. జల్దీ చెప్పున్రి, మల్ల వానికే ఫోనిస్తే ఇంక పెరుగుతది.”

అవతల బసవరాజ్ మళ్ళీ నవ్వాడు. “సగం ఇప్పుడే పంపుతున్న తల్లీ. వానికియ్యకు!”

ఇమ్మానుయేల్ ఆటోలోనే కల్హేర్ పోయివచ్చారు. ఇంటి మనిషే అయినా కిరాయి కిరాయే అని వసూలు చేశాడు. బొమ్మను అటక మీద పెట్టాలన్న ఊసెత్తలేదు. శాలువా ఎట్లాగూ కొన్నారు కాబట్టి బడివాళ్ళు కప్పారు. దాన్ని కోసి బుడంకాయకు షేర్వాణీ కుడతానంది గౌసియా. కుట్టుకూలి ఎంతో చెప్పాకే కత్తెర తీసింది.

రోజ ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. బుడంకాయ అడిగాడు.