చప్పుడు లేని బండి

నాయన పాత మోపెడ్‌ను ఫోన్‌లో అమ్మకానికి పెట్టింది నేనే. నగరి నుంచి ఒకాయన వచ్చి కొనుక్కుపోయాడు. ఇప్పుడున్న కరెంటు బండికి చప్పుడే లేదు. మునుపు మోపెడ్ వీధి మలుపు తిరగగానే పుస్తకం మూసి, గేటు తీయడానికి లేచేదాన్ని. ఇప్పుడు నాయనే గేటు తీసుకుని వచ్చి, "ఏమ్మా, నేనొచ్చింది గూడా తెలీలేదా?" అంటాడు. ఆ మాటకు మనసు చివుక్కుమంటుంది.

నిన్న నాయన ఫోన్‌కు నగరి ఆయన వాయిస్ మెసేజ్ పంపాడు.

"అన్నా, బండి ఎట్లుండాదని అడిగితివి గదా, ఇనుకో. ఒక్క కిక్కుకే స్టార్టయితాది."

ఆ వెనకే మోపెడ్ చప్పుడు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "మీ నాయనొచ్చినాడు, పోయి గేటు తియ్యి!"

నాయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు. అయినా నేను అప్పటికే లేచి నిలబడ్డాను.