రాహుకాలంలో మొదలుపెట్టమన్న మనిషి

మా టైపు టీచరు పోయిన కబురు నాకు మద్రాసు శివారు మనలి నుంచి వచ్చే బస్సులో తెలిసింది. తమిళుల ఆడి నెల ముగియడానికి ఇంకా ఆరు రోజులుంది. ఆఫీసు వదిలి కిటికీ పక్కన కూర్చున్నాను. రిఫైనరీ గొట్టం మీద మంట ఎప్పటిలాగే ఎగురుతోంది. ఫోను మోగితే చూశాను, టీచరు తమ్ముడు. ఆయన నాకు ఫోను చేసే మనిషి కాదు. ఎత్తకపోతే ఆ వార్త నిజం కాకుండా ఉంటుందేమోనని రెండుసార్లు మోగనిచ్చాను. మూడోసారి ఎత్తాను. "అక్క పోయిందమ్మా. మెట్ల మీద," అన్నాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు. నెల రోజులుగా నేను ఆ ఫోను కోసమే భయపడుతూ తిరుగుతున్నాను.

చింతాద్రిపేటలో కూవం నది వైపు పోయే సందులో ఒక పాత మేడ, దాని పైన మా టీచరు టైపు ఇన్‌స్టిట్యూట్. తొమ్మిది మెషీన్లు, ఒక బెంచీ, గాలి తక్కువ చప్పుడు ఎక్కువ ఇచ్చే ఒక ఫ్యాను. ఈ కాలంలో టైపు ఎవరు నేర్చుకుంటారని మీకు అనుమానం రావచ్చు. మా రాష్ట్రంలో సర్కారు టైపిస్టు ఉద్యోగానికి లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసై ఉండాలి. అందుకని పొద్దున ఆరున్నర నుంచే పిల్లలు మెట్లెక్కేవాళ్ళు. ఇరవై ఏళ్ళ కింద నేనూ అలాగే ఎక్కాను. టీచరు వాళ్ళది ఆ పేటలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో, అదే మేడ కింది భాగంలో ఉండేది.

ఆమె పద్ధతి ఒకటే, రోజుకి ఒక షీటు. బాగా కొట్టావా, తప్పులెన్ని, అవన్నీ తర్వాత. ఆ రోజు షీటు ఆ రోజు పూర్తి కావాలి. ఎవరైనా రాకపోతే తిట్టేది కాదు, ఇంటికి కబురు పంపేది కాదు. వాళ్ళ గంట రాగానే వాళ్ళ మెషీనులో ఒక తెల్లకాగితం ఎక్కించి వదిలేసేది. ఆ గంటంతా దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. చుట్టూ ఎనిమిది మెషీన్లు టకటకలాడుతుంటే అదొక్కటి నోరు తెరుచుకుని ఉండేది. ఒకసారి నేను మూడు రోజులు ఎగ్గొట్టి వెళ్తే, తారీఖులు వేసిన మూడు తెల్లకాగితాలు నా చేతిలో పెట్టింది.

పని చేయబుద్ధి కావడం లేదని నేను గునిసినప్పుడు ఆమె చెప్పిన మాట ఇది. "మనసు వచ్చినాక చేద్దామని చుమ్మా ఊరికే కూర్చుంటే అది రాదు పాపా. వేళ్ళు ముందు పోవాల. మనసు వెనకాలే వస్తాది, కుక్కపిల్ల మాదిరి." నా జీవితంలో నేను పూర్తి చేసిన ప్రతి పనీ ఆ మాటని నమ్మి చేసిందే.

మా మద్రాసు తెలుగువాళ్ళ బలహీనత ఒకటి మీకు చెప్పాలి. మాకు ఇంట్లో రెండు పంచాంగాలు. తెలుగు లెక్కన ఆషాఢంలో ఏదీ మొదలుపెట్టం. అది అయిందనుకునేలోపు తమిళుల ఆడి నెల వచ్చేసి ఉంటుంది, అందులోనూ మొదలుపెట్టం. చలికాలంలో వాళ్ళ మార్గళి, దాని వెంట మన పుష్యం. ఏ దేవుడికి ఎక్కడ కోపం వస్తుందోనని రెండు వైపులా మానుకుంటాం. ఏడాదిలో నాలుగు నెలలు అలా హారతి కర్పూరంలా హరించుకుపోతాయి. మా టీచరు ఇన్‌స్టిట్యూట్‌లో కేలండరు పెట్టేది కాదు. ఒకసారి పురసవాక్కం నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చి, వివరాలన్నీ కనుక్కుని, ఆడి పోయాక చేరుస్తానంది. టీచరు ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుని మెషీను ముందు కూర్చోబెట్టింది. "మీకు ఆషాఢం ఒకటి, ఆడి ఒకటి. ఇంక బిడ్డ ఎప్పుడమ్మా నేర్చుకునేది? ఇప్పుడు రాహుకాలమే. మంచి టైము. ఈ టైములో ఎవురూ ఏ పనికీ పిలవరు." ఆ తల్లి ముఖం మాడిపోయింది కానీ పిల్ల కొట్టడం మొదలుపెట్టింది. కొత్తవాళ్ళందరినీ ఆమె రాహుకాలంలోనే మొదలుపెట్టించేది. నన్ను కూడా.

నాకు ఉద్యోగం వచ్చి చాలా ఏళ్ళయింది. పై మెట్టు ఎక్కాలంటే డిపార్ట్‌మెంటు పరీక్ష రాయాలి. రెండుసార్లు దరఖాస్తు పెట్టి రెండుసార్లూ పరీక్షకి వెళ్ళలేదు. ఇల్లు, పిల్లలు, మనలి బస్సు, సాకులకేం కొదవ? ఈ సంగతి తెలిసి టీచరు నన్ను మళ్ళీ మెట్లెక్కించింది. ఆఫీసుకి పోయే ముందు వచ్చి బెంచీ మీద కూర్చుని రోజుకి ఒక్క పేజీ చదివిపొమ్మంది. నలభై మూడేళ్ళ వయసులో పిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గేసింది. అయినా వెళ్ళాను. మొన్న చలికాలం నుంచి ఒక్క రోజు తప్పలేదు. అలా వెళ్ళడం వల్లే ఆమెలో మార్పు నా కళ్ళబడింది.

ముందు ఆమె పిల్లల కంటే అరగంట ముందే పైకి చేరుతోందని గమనించాను. తాళం తీసే హడావుడి అనుకున్నాను. తర్వాత ఒకరోజు నేను తొందరగా వెళితే మెట్ల మధ్యలో కూర్చుని ఉంది, గోడకి తల ఆనించి. నన్ను చూసి చెప్పు తెగిందంది. చెప్పులు రెండూ బాగానే ఉన్నాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆమె మాటలు పొట్టివైపోయాయి. పెద్ద వాక్యం మధ్యలో ఆగి, ఫ్యాను వైపు చూసి, మిగతాది చెప్పకుండా వదిలేసేది. సాయంత్రానికి పాదాలు వాచేవి. పిల్లలకి డిక్టేషన్ చెప్పడం పెద్ద విద్యార్థికి అప్పగించింది. పట్టుబట్టి నేనే సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్కాను తీసిన డాక్టరు చాలాసేపు తెర చూసి, గుండె కవాటం బాగా సన్నబడిపోయింది, మార్చాలి, ఆలస్యం చేయవద్దు అన్నాడు. పది రోజుల్లో తారీఖు కూడా ఇచ్చాడు. మెట్లు ఎక్కవద్దన్నాడు.

ఆటోలో తిరిగి వస్తూ ఆమె ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. ఇన్‌స్టిట్యూట్ సందు మొదట్లో నోరు తెరిచింది. "ఆషాఢం వస్తా ఉండాది పాపా. దాని వెనకాలే ఆడి. ఆవణి నెల పుట్టినాక పోదాం. నీ పరీక్ష కూడా అయిపోతాది."

నేను విన్నది నిజమేనా అని ఆమె ముఖం చూశాను. "రాహుకాలంలో మొదలుపెట్టమనేది మీరే కదా టీచర్?" అన్నాను.

"అది వేళ్ళకి చెప్పిన మాట. ఇది కత్తి పెట్టేది," అంది. తర్వాత చాలా మెల్లగా, "నాకు భయంగా ఉండాది," అంది.

ఇరవై ఏళ్ళలో ఆమె నోట ఆ మాట నేను వినలేదు. అప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకుని, మనసు రానక్కర్లేదు టీచర్, కాళ్ళు ముందు పోనీండి, భయం వెనకాలే వస్తుంది అని చెప్పి ఉండాలి. ఆమె నాకు నేర్పిన పాఠమే కదా. నేను "సరే టీచర్" అన్నాను. ఎందుకన్నానో మీ దగ్గర దాచను. ఆపరేషనంటే పక్కన నేనుండాలి. పరీక్షకి మూడు వారాలుంది. ఈసారైనా రాయాలని నా పట్టుదల. ఆమె వాయిదా వేస్తే నా గుండె మీద బరువు దిగింది. పంచాంగాన్ని జీవితమంతా వెక్కిరించిన మనిషి దాని వెనకాల దాక్కుంది, ఆమెతో పాటు నేనూ దూరాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. తారీఖు వచ్చింది, పోయింది. ఆ ఉదయం ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. పొద్దున తాళం తీసే పని పెద్ద విద్యార్థికి వదిలింది కానీ ఆమె మెట్లెక్కడం మానలేదు. ఒక్కొక్క మెట్టుకీ ఆగే ఆ చప్పుడు, చెప్పు ఆనడం, నిశ్శబ్దం, మళ్ళీ చెప్పు ఆనడం, పైన బెంచీ మీద కూర్చున్న నాకు వినిపించేది. పేజీలో వరుస తప్పిపోయేది. చప్పుడు ఎక్కువసేపు ఆగితే పుస్తకం మూసి తలుపు వైపు చూసేదాన్ని. అంతలో ఆమె వచ్చేది, పెదాలు నల్లగా, నవ్వుతూ. నా పేజీ అయిందా అని అడిగేది. అయింది అనేదాన్ని. మీ సంగతేమిటని నేను ఒక్కరోజు కూడా తిరిగి అడగలేదు.

పరీక్ష రాశాను. బాగా రాశాను. వచ్చి చెబితే నా తల మీద చెయ్యి పెట్టి, ఇంక ఫలితం గురించి ఆలోచించకుండా రేపటి పేజీ చదువుకోమంది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ నా నెత్తికి తెలుస్తోంది. పరీక్ష అయిపోయింది కాబట్టి రేపే పోదాం టీచర్ అనడానికి అడ్డమేముంది? ఆడి ఇంక పదిహేను రోజులే ఉంది కదా అనుకున్నాను. పదిహేను రోజులు ఎంతలో పోతాయి.

మనిషి పోయాక గొప్పలు చెప్పడం నాకు చేతకాదు. మా టీచరు వల్ల ఎంతమంది ఉద్యోగాల్లో చేరారో ఆమె లెక్క పెట్టుకోలేదు, నేనూ పెట్టను. అందరినీ మొదటి మెట్టు ఎక్కించిన మనిషికి తన వంతు వచ్చినప్పుడు ఒకరు వెనక నిలబడి తొయ్యాల్సి వచ్చింది. ఆ ఒకరు నేనే. నన్ను నేను క్షమించుకోలేదు. ఆమె మాత్రం ఎప్పుడో క్షమించి ఉంటుంది, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఆవణి మొదటి సోమవారం ఉదయం, ఆఫీసుకి పోతూ ఆ సందులోంచి నడిచాను. ఆ మేడ ముందు ఒక ఆటో ఆగి ఉంది. డ్రైవరు బయట నిలబడి ఉన్నాడు. ఎవరి కోసమని అడిగాను. పైన టైపు నేర్పే అమ్మ కోసమని తమిళంలో చెప్పాడు. నెల ముందే మాట్లాడుకుందట. ఆసుపత్రికి పోవాలి, ఆరు గంటలకి రావాలి, హారను కొట్టకు, నేనే వస్తాను, ఒకవేళ వద్దంటే వినకుండా ఎక్కించుకుని పో అని చెప్పిందట. రెండు వారాల కింద కూడా ఫోను చేసి గుర్తు చేసిందట.

నేను చెప్పాల్సింది చెప్పాను. అతను ఆటో వైపు తిరిగాడు. వెనక సీటు మీద ఉతికిన దుప్పటి మడతపెట్టి పరిచి ఉంది, ఒక మూల దిండు కూడా పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఆనుకోవడానికి అన్నాడు, ఇంకా వచ్చేలాగే. ఆ తర్వాత ఆటోలో కూర్చున్నాడు కానీ స్టార్టు చేయలేదు. నా బస్సుకి టైమైంది. సందు చివర తిరిగి చూస్తే అతను ఇంకా అక్కడే ఉన్నాడు, తల బయటికి పెట్టి, మెట్ల వైపు చూస్తూ.