ఎర్ర గౌను పిల్ల పక్షాన

ఆమె పూర్తి పేరు బమ్మిడి కామాక్షమ్మ. నేను ఆమెను మొదటిసారి చూసింది కాశీబుగ్గలో, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ వెనుక రేకుల షెడ్డులో, వయోజన విద్య తరగతి మొదలైన రోజు మధ్యాహ్నం. అవి తొంభైల చివరి సంవత్సరాలు. అందరి బిడియమూ పోవాలన్న ఉద్దేశంతో, ప్రతి ఒక్కరూ తమ పక్కన కూర్చున్న మనిషి పేరు చెప్పాలని నియమం పెట్టాను. వరుస చక్కగా సాగి, కామాక్షమ్మ దగ్గర ఆగిపోయింది.

"నీ పక్కనున్న ఆమె పేరేమిటమ్మా?"

"సెప్పనండి."

"తెలియదా?"

"తెలీకేటి. నా నేస్తమండి. పేరెట్టకూడదు."

పక్కనున్న మనిషి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నన్నడిగినా దీని పేరు సెప్పను టీచరమ్మా. మమ్మల్నొగ్గీసి అవతలోలిని అడగండి," అంది. ఆ నవ్విన మనిషి సూరాడ దాలమ్మ.

ఉద్దానం తీరంలో ఈ ఆచారం ఎరగనివారు లేరు. పొరుగు జిల్లాల పాఠకుల కోసం చెబుతున్నాను. ఇద్దరు ఆడవాళ్లు గాని, ఇద్దరు మగవాళ్లు గాని, కులమేదైనా సరే, గంగమ్మ సంబరంలో అమ్మవారి ఎదుట తాంబూలమూ పువ్వూ మార్చుకుంటే నేస్తాలవుతారు. ఆనాటి నుంచి ఒకరినొకరు 'నేస్తం' అనే పిలుచుకోవాలి. పెళ్లికీ చావుకూ సొంత మనిషిలా నిలబడాలి. పేరు నోట వచ్చిందా, నేస్తం తెగినట్టే. కామాక్షమ్మది డొంకూరుకు దగ్గరలో కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న రైతు ఇల్లు. దాలమ్మది డొంకూరులో సముద్రం మీదికి వేటకు వెళ్లే ఇల్లు. దాలమ్మ తల్లి ఎండుచేపల గంప రోజూ దించే గడప కామాక్షమ్మ వాళ్లది కావడం చేత, పిల్లలిద్దరూ పరికిణీల వయసులోనే నేస్తం కట్టారు. పెళ్లిళ్లయి కాశీబుగ్గ చేరాక ఇద్దరూ ఒకే షెడ్డులో, ఒకే బల్ల దగ్గర, ఎదురెదురుగా కూర్చుని జీడిపప్పు మీది ఎర్ర పొర ఒలిచేవారు.

మేలు చూసి ఓర్వలేకపోవడం ఈర్ష్య. మంచిలో చెడు వెతకడం అసూయ. ఈ రెండింటినీ కలిపి వాడడం తప్పని నేను పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను. కామాక్షమ్మలో రెండూ ఉండేవి. దాలమ్మ పలక మీద నేను 'బాగు' అని రాస్తే, ఆమె తన పలక తుడిచి, మళ్లీ రాసి, నా ఒడిలో పెట్టేది. దాలమ్మ కొత్త చీర కట్టుకున్న రోజున ఆ చీర రంగు వెలిసిపోతుందని ముందుగానే చెప్పేది. అయితే వీటికి తోడు మరొకటి కూడా ఉండేది. దాలమ్మ వేరొకరి గిన్నెలోంచి ఊరగాయ ముక్క తీసుకుంటే ఆ పూట కామాక్షమ్మ అన్నం మానేసేది. దీన్ని ఏ మాటతో చెప్పాలో తెలియక ఒకసారి ఆమెనే అడిగాను.

"కుళ్లండి. పేరు తెలీకేటి," అంది.

నేను పదవీ విరమణ చేసి, ఇంట్లో కేబుల్ కనెక్షను పెట్టించుకున్నాక, ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇద్దరూ మా ఇంటికి రావడం అలవాటయింది. మునగాకో, నాలుగు వంకాయలో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, గోడకు చేరగిలబడి టీవీ చూసేవారు. ఒక ఆదివారం పిల్లల ఛానెల్లో జపాను బొమ్మల సీరియల్ ఒకటి కనిపించింది. అడుగున కత్తివాదర ఉన్న జోళ్లు తొడుక్కుని, మంచు మీద జారుతూ నాట్యం చేసే ఆడపిల్లల కథ అది. తెలుగులో మాటలు చెప్పించారు గాని, "నేను నీ చేత ఓడించబడను" వంటి వాక్యాలు వినలేక నేను ఛానెల్ మార్చబోయాను. ఇద్దరూ ఒక్కసారే "ఉంచండి" అన్నారు.

కథానాయిక నీలం గౌను వేసుకునే పిల్ల. పోటీల వేళ కిందపడి, లేచి, ఏడ్చి, గెలిచేది ఆమె. ఆమెకు పోటీగా ఎర్ర గౌను పిల్ల ఒకతె ఉంది. చిన్ననాటి నుంచి తెల్లవారకముందే లేచి సాధన చేసిన పిల్ల. ఎప్పుడూ పడదు, ఎప్పుడూ ఏడవదు, ఎప్పుడూ రెండవ స్థానమే. పంతం కొద్దీ ఆ ఇద్దరు పిల్లలూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఈ సంగతి నాకు బింకంగా కనబడింది. నా పక్కనున్నవారికి మాత్రం మొదటి ఆదివారమే అంతా తేటతెల్లమైంది.

"ఈలిద్దరూ నేస్తాలండి," అంది దాలమ్మ.

"నానూ అదే అనుకుంతన్నాను. ఎప్పుడు కట్టారో సూపించనేదు," అంది కామాక్షమ్మ.

"జపానులో ఆ ఆచారం లేదమ్మా," అన్నాను.

"నేకపోతే పేరెందుకెట్టదండి? నోరు నేదేటి?"

ఆ తరువాత వారాల తరబడి మా ఇంట్లో ఆ కథ జపానులో కాక, ఉద్దానంలో జరిగింది.

కామాక్షమ్మ మొదటి నుంచీ ఎర్ర గౌను పిల్ల పక్షం. నీలం గౌను పిల్ల గాలిలోకి ఎగిరి, గిరగిర తిరుగుతూ, తన బాల్యమంతా తలుచుకుని, ఆ తరువాత కిందికి దిగినప్పుడు ఆమె నిట్టూర్చేది.

"గాల్లో అంత కత తలుసుకోడానికి టైమెక్కడుందండి దీనికి? మేం తెప్ప మీంచి దూకితే నీల్లలో పడ్డాకే తెలుత్తాది దూకినామని."

"నివ్వెప్పుడు దూకినావు తెప్ప మీంచి? ఒడ్డున కూకుని ఏడిసినావు," అంది దాలమ్మ.

"సూడండి టీచరమ్మా, ఆ ఎర్ర గౌను గుంట. వొల్లంతా ఒక్క గీతలా ఉన్నాది. ఎక్కడా తొణకనేదు. సప్పట్లు మాత్రం ఆ పడిపోయినదానికి. పడితే సప్పట్లు కొడతారని తెలిత్తే ఇదీ పడును గదా."

"పడదు. పొగరు," అంది దాలమ్మ.

"పొగరు కాదు, మానం."

ఎర్ర గౌను పిల్ల రెండవ మెట్టు మీద నిలబడి, పై మెట్టు మీదున్న పిల్ల మెడలోని పతకాన్ని చూస్తున్న చూపును ఛానెల్ వాళ్లు చాలాసేపు చూపించారు. అది చూసి దాలమ్మ, "ఆ సూపేటమ్మా, కల్లల్లో నిప్పులు. నేస్తం గెలిత్తే సంబరపడాల," అంది. కామాక్షమ్మ వెంటనే, "నేస్తమన్నాక పై మెట్టు దిగొచ్చి పక్కన నిలబడాల. ఆవిడ దిగనేదు గదా," అంది. ఆ వాదం వీధి మలుపు దాకా వినబడింది.

ఆ ఏడాదే ఫ్యాక్టరీలో పొర ఒలిచే షెడ్డుకు ఆడ మేస్త్రీ కావలసి వచ్చింది. మేనేజరు తిరుపతిరావు దాలమ్మను నియమించాడు. దాలమ్మ నలుగురితో నవ్వుతూ మాట్లాడే మనిషి కాబట్టి ఆ ఎంపిక సబబైనదేనని అందరూ అన్నారు. కామాక్షమ్మ కూడా అంది. అన్న తరువాత వరుసగా రెండు ఆదివారాలు తలనొప్పి అని చెప్పి మా ఇంటికి రాలేదు.

ఆపైన జరిగింది కామాక్షమ్మే నాకు చెప్పింది. ఏదీ దాచుకునే స్వభావం కాదు ఆమెది. ఒక ఉదయం దాలమ్మ బల్లల మధ్య తిరుగుతూ కామాక్షమ్మ చాట ముందు ఆగి, పప్పు మీద ఇంకా పొర ఉందని, మళ్లీ ఒలవమని చాటను వెనక్కి నెట్టింది. అదే మాట అంతకుముందు మరో ఇద్దరికీ చెప్పింది. వాళ్లు తలూపి ఒలుచుకున్నారు. కామాక్షమ్మ లేచి నిలబడింది.

"దాలమ్మా, నీకు కల్లు కనపడతన్నాయా?"

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయట. పక్క బల్ల దగ్గరున్న జోగమ్మ అనే మనిషి, "ఓలమ్మ, నేస్తాన్ని పేరెట్టీసినాది," అని పైకే అందట. దాలమ్మ కోపపడలేదు. చాటను తన వైపుకు లాక్కుని, ఆ పప్పును తానే ఒలిచి, తిరిగి ముందుకు తోసి, "తీసుకోండి, కామాక్షమ్మగారూ," అంది.

"గారూ అన్నాదండి," అని నాకు చెబుతూ కామాక్షమ్మ మోకాళ్ల మీద చేతులు బిగించింది. "బూతులు తిట్టినా బాగున్ను."

ఆ తరువాత దాలమ్మ మా ఇంటికి రాలేదు. కామాక్షమ్మ ఒక్కతే వచ్చేది. సీరియల్ చూస్తున్నంతసేపూ ఆమె చెప్పేది మాత్రం షెడ్డు కబుర్లే. జోగమ్మ దాలమ్మ పక్కన కూర్చుని అన్నం తింటోంది. జోగమ్మ దాలమ్మకు జడ వేసింది. జోగమ్మకు జడ వేయడం రాదు, పాయలు వదులుగా అల్లుతుంది. దాలమ్మ జుట్టు పల్చన, దానికి బిగించి అల్లాలి, ఆ సంగతి జోగమ్మకేం తెలుసు. నీలం గౌను పిల్ల టీవీలో ప్రపంచస్థాయి పోటీకి ఎంపికవుతుంటే, కామాక్షమ్మ అటు చూడకుండా ఆ జడ గురించే చెప్పింది.

ఒక ఆదివారం ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఈ సంబరానికి జోగమ్మ దాన్తో నేస్తం కడతాదట," అంది.

ఒక మనిషికి ఇద్దరు నేస్తాలు ఉండకూడదని ఎక్కడా లేదు. అయితే మొదటి నేస్తం తెగిపోయి ఉండగా రెండవది కడితే, మొదటిది ఇక ఎన్నటికీ అతకదు. వచ్చే మంగళవారమే సంబరం. ఆ సంగతి ఆమె చెప్పనక్కరలేకుండానే నాకు అర్థమైంది. లోపలికి రమ్మని, టీవీ ముందు కూర్చోబెట్టాను.

ఆనాటి భాగంలో, చివరి పోటీకి ముందు, నీలం గౌను పిల్ల జోళ్ల తాడు తెగిపోయింది. మరో తాడు లేదు. అందరూ అటూ ఇటూ పరుగెత్తారు. ఎర్ర గౌను పిల్ల తన సంచిలోంచి తాడు తీసి, ఆమె వైపు చూడకుండా, బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. కామాక్షమ్మ ముందుకు వంగింది.

"ఎందుకిచ్చినాది?" అని నన్నడిగింది.

"మంచి మనసు," అన్నాను.

"మనసు కాదండి. తాడు నేక అది ఆడకపోతే, ఎవులి మీద గెలుత్తాది ఇది? ఆ మెట్టు మీద ఇంకెవులో ఎక్కుతారు. ఇంకెవులో ఎక్కితే దీనికేటి?" తెర వైపు వేలు చూపి, "ముకం సూడకుండా ఇచ్చినాది సూసారా. అలాగే ఇవ్వాల. ముకం సూత్తే ఇవ్వలేము," అంది.

ఆ సీరియల్ గురించి నేను విన్న అభిప్రాయాలన్నింటిలోనూ సరిగ్గా ఆలోచించి చెప్పినది అదే. కథ రాసినవాళ్లు కూడా ఆ పిల్ల చేత చివరకు మంచితనంతోనే ఇచ్చానని చెప్పించారు. కామాక్షమ్మ చెప్పినదానిలో కారణం ఉంది.

ఆమె లేచి వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు చేతిలో అరిటాకు పొట్లం ఉంది. అందులో తమలపాకులు, వక్కలు, ఒక ఎర్ర మందార. నేస్తం తెగ్గొట్టిన మనిషి తానుగా వెళ్లి అతకమని అడగరాదు. ఎవరితోనూ నేస్తం కట్టని మనిషి చేత తాంబూలం పంపాలి. అవతలి మనిషి పువ్వు తలలో పెట్టుకుంటే అతికినట్టు, తాంబూలం తిరిగి పంపితే లేనట్టు. కాశీబుగ్గలో తనకు తెలిసినవారిలో నేస్తం లేని మనిషి ఎవరా అని ఆలోచిస్తే నేనే కనిపించానని చెప్పింది. బదిలీల మీద ఊరూరూ తిరిగినదాన్ని, నాకు నేస్తం కట్టే తీరిక ఎక్కడిది. సరేనన్నాను.

"ఏం చెప్పమంటావు?"

"ఏటీ సెప్పకండి. సెప్తే మీరు వ్యాకరణంతో సెప్తారు, దానికి నవ్వొత్తాది."

"తిరిగి పంపితే?"

ఆమె పొట్లం అంచు మడత సరిచేసింది.

"వచ్చే ఆదివారం ఆఖరి పోటీ," అన్నాను, మాట మార్చడానికి. "చూడవా?"

"ఎవులు గెలిత్తే నాకేటండి."

మరునాడు నేను షెడ్డుకు వెళ్లాను. దాలమ్మ పొట్లం విప్పి, మందారను జడలో పెట్టుకుంది. ఆ జడ నిజంగానే వదులుగా ఉంది. ఆ తరువాత దాలమ్మ ఒక చిన్న టీవీ కొనుక్కుంది. ఆదివారాలు ఇద్దరూ అక్కడే చూసేవారు. అడగవలసినవన్నీ అడగడానికి కామాక్షమ్మకు మనిషి ఉండడం చేత, ఆమె మళ్లీ నన్ను ఏదీ అడగలేదు. మునగాకు మాత్రం ఎప్పుడైనా ఎవరి చేతనైనా పంపేది. ఆఖరి పోటీ నేను ఒక్కదాన్నే చూశాను. ఎవరు గెలిచారో నాకు తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు. కొన్ని ఆదివారాలు నేను గోడవార వాళ్లిద్దరూ కూర్చునే చోటు వైపు చూసి, టీవీ కట్టేసి పడుకున్నాను.

పొట్లం నా చేతికిచ్చిన సాయంత్రం ఆమె మెట్లు దిగి, వీధిలోకి నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి గేటు పట్టుకుని నిలబడింది. ఆమె నన్ను అడిగిన చివరి కోరిక అప్పటిదే.

"జోగమ్మ ఉన్నప్పుడే ఇవ్వండి టీచరమ్మా. సాటుగా ఇవ్వకండి. అది కల్లారా సూడాల."