ముద్ర నాది, చెయ్యి నాది కాదు

ఈజిప్టులోని దమన్‌హూర్‌లో రైలు గేటు అవతలి కూరగాయల బజారులో వగీదాను ఎరగని ఇల్లాలు లేదు. ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళ కోసం ఆమె రోడ్డు వారన కూర్చుని, సొరపిందెల్లాంటి కూసాకాయల్లో గుజ్జు తోడి, వెల్లుల్లి ఒలిచి, ములుఖియా ఆకుకూర గిల్లి సంచుల్లో కట్టి అమ్ముతుంది. ఆమె తోడిన కాయల్లో బియ్యం కూరి వండేసి, పొద్దుటి నుంచి నడుం విరిగేలా తామే తోడామని అత్తగార్ల దగ్గర కోతలు కోసిన కోడళ్ళు ఎంతమందో లెక్కలేదు. వగీదా ఏనాడూ ఎవరి గుట్టూ బయట పెట్టలేదు. నలుగురికీ మంచిదనిపించుకోవడం ఆమెకు ఎక్కువ ఇష్టం. ఆ మంచితనమే ఆ సెప్టెంబరులో కొంప ముంచబోయింది.

ఆమెకు నలభై దాటాయి, చదువు రాదు. పెళ్ళినాడు తల్లి కోర్టు బయట కూర్చునే చెక్కుడువాడి చేత ఆమె పేరు చెక్కించి ఇచ్చిన ఇత్తడి ముద్రను గుడ్డసంచిలో కట్టి మెళ్ళో వేసుకుంటుంది. రేషను కార్డుకైనా, కరెంటు మీటరుకైనా అదే ఆమె సంతకం. "మెడైనా వంచు గానీ ముద్ర మాత్రం పరాయి చేతిలో పెట్టకు" అని ఆ తల్లి చెప్పే పోయింది.

వగీదా కూతురు తస్నీమ్‌కి తొమ్మిదో ఏడు నడుస్తోంది. పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యంగా అందడంతో ఆ పిల్ల కాళ్ళు బిగుసుకుపోయాయి. మాట ముద్దగా, ఆగి ఆగి వస్తుంది. బుర్ర మాత్రం పాదరసం. ములుఖియా అడిగినావిడకు తల్లి పరాకున వెల్లుల్లి ఇవ్వబోతే కొంగు గుంజి దిద్దేది ఆ పిల్లే. బడివాళ్ళు మూడేళ్ళుగా "ఇన్షా అల్లా, వచ్చే ఏడు" అంటూ తల్లిని కాళ్ళరిగేలా తిప్పారు. ఈ ఏడు గనక చేర్చుకోకపోతే ఒకటో తరగతికి వయసు దాటిపోతుంది. ఆపైన ఎవరి కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు.

అందుకే ఆగస్టులో హెడ్‌మిస్ట్రెస్ సుహైర్ కబురు పెట్టగానే వగీదా పండక్కి దాచుకున్న నల్ల గౌను తొడుక్కుని పరుగెత్తింది. వీధిలో సగం మందికి చదువు చెప్పిన మనిషి సుహైర్. కూర్చోమని కుర్చీ చూపించింది, పుదీనా వేసి టీ తెప్పించింది. తనలాంటిదానికి ఆఫీసు గదిలో కుర్చీ వెయ్యడమే వగీదాకు కొత్త.

"నీ ముద్ర ఇలా ఇయ్యమ్మా, ఫైల్లో వెయ్యాలి" అంది సుహైర్.

టీ గ్లాసు చేతిలో ఉంది. గ్లాసు కింద పెట్టి కాగితంలో ఏముందని అడిగితే అంత మర్యాద చేసిన మనిషిని అనుమానించినట్టు కాదూ? వగీదా మెళ్ళోంచి సంచి తీసి ఇచ్చేసింది. సుహైర్ సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తి, తుడిచి మరీ తిరిగి ఇచ్చింది. వగీదా దారి పొడుగునా ఆమెను దీవించుకుంటూ ఇంటికొచ్చింది.

సెప్టెంబరులో బడి గోడ మీద అంటించిన పేర్లలో తస్నీమ్ పేరు లేదు. గుమాస్తాను అడిగితే ఫైలు తిరగేసి నవ్వాడు.

"నువ్వే కదా తల్లీ వెనక్కి తీసుకున్నావు! 'మా పిల్ల బడికి తట్టుకోలేదు, నా ఇష్టపూర్తిగా దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నాను' అని ఉంది. ఇదిగో, నీ ముద్ర."

మా ఊళ్ళో ముద్ర పడ్డ మాటంటే నోట పలికిన మాటే. తన కూతురి దారిని తన చేత్తోనే మూసేశానని వగీదా నమ్మేసింది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక రెండు రోజులు బజారుకు కూడా పోలేదు. మొగుడు ఫిక్రీ మైక్రోబస్సు నడుపుతాడు. విషయం విని "దేవుడు రాసిన రాత, వదిలెయ్" అన్నాడు. కాగితం రాసింది దేవుడు కాదు, సుహైర్. ఆ తేడా మగవాళ్ళకు ఎప్పుడు తెలుస్తుందో గాని.

కాళ్ళకు కసరత్తు చేయించే క్లినిక్కులో ఇంకో పిల్లాడి తల్లి ఆమె మొహం చూసి కూపీ లాగింది. మంగళవారం సాయంత్రాలు యువజన కేంద్రంలో వకీలు రావియా కూర్చుంటుందనీ, ఇలాంటి పిల్లలున్న పేదిళ్ళవాళ్ళ దగ్గర ఫీజు పుచ్చుకోదనీ చెప్పింది.

రావియాకు ఆఫీసు లేదు. టేబుల్ టెన్నిసు బల్లే ఆమె బల్ల. గుమ్మడి గింజలు కొరుకుతూ, తొక్కలు కాగితం పొట్లంలో ఊస్తూ అంతా విన్నది.

"ముద్ర వేసిందెవరు?"

"టీచరమ్మే మేడం."

"నీ చెయ్యి ఎక్కడుంది అప్పుడు?"

"టీ గ్లాసు మీద."

"కాగితం చదివి వినిపించిందా?"

"లేదు. పంచదార చాలిందా అని అడిగింది."

రావియా గింజల పొట్లం అవతలికి నెట్టింది. "మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటే ఇదే. విను వగీదా. ముద్ర నీది. వేసిన చెయ్యి నీది కాదు. ఈ రెండు ముక్కలూ విద్యాశాఖ కమిటీ ముందు, ఆవిడ మొహం మీద నువ్వు చెప్పాలి. మిగతా కాగితాలు నేను చూసుకుంటా."

"మీరే చెప్పండి మేడం. ఆవిడ టీ తాగాను. ఉప్పు తిన్న చోట ఎలా మాట్లాడను?"

"నేను చెబితే వకీలు నేర్పించిందంటారు. అక్కడ నేను నోరు విప్పను, ముందే చెబుతున్నా. ఆవిడ నీకు టీ పోసింది, నీ పిల్ల చదువు పట్టుకుపోయింది. ఏది బరువో ఇంటికెళ్ళి తూచుకో."

వగీదాకు ఒళ్ళు మండింది. ముందు రావియా మీద, ఇల్లు చేరేసరికి సుహైర్ మీద, పడుకునేసరికి తన మీద. తెల్లారేసరికి ఆ మంట ఎవరి మీదో తేలిపోయింది. మర్నాడు బజారులో సుహైర్ మరదలు కూసాకాయలకు వస్తే, "ఇవాళ అమ్మకం లేదమ్మా, ఇంటికెళ్ళి తోడుకో" అని సంచి మూతి బిగించింది. పక్క కొట్లవాళ్ళు నోరు తెరిచారు. వగీదా ఒకరిని కాదనడం ఎవరూ విని ఎరగరు.

కమిటీ రోజున తస్నీమ్‌ని చంకనేసుకుని వెళ్ళింది. గదిలో సుహైర్, ఇద్దరు గుమాస్తాలు, మధ్యలో లావుపాటి అధికారి. రావియా కుర్చీ వెనక్కి లాక్కుని గోడవార కూర్చుంది.

సుహైర్ కళ్ళలో నిజంగానే జాలి ఉంది. అదే కదా ఒళ్ళు మండించేది. "దాని మేలు కోరే చేశాను సార్. ఒకటో తరగతి మూడో అంతస్తు. పిల్లలు నవ్వుతారు. బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? తస్నీమ్ వాళ్ళమ్మకు కూడా తెలుసు, మంచి మనిషి. ఏమ్మా?"

అందరూ వగీదా వైపు చూశారు. మామూలుగా ఆ మాటకు ఆమె తల ఊపేది.

"ముద్ర నాది. వేసిన చెయ్యి నాది కాదు. కాగితం నాకు చదివి వినిపించలా" అంది. "నేను మంచి మనిషిని కాదు టీచరమ్మా. మంచి మనిషినని ఇన్నాళ్ళూ మీరనుకున్నారు, నేనూ అనుకున్నా. మూడో అంతస్తు నా కూతురు కట్టిందా? కింద గదుల్లో ఏం పెట్టారు? విరిగిన బల్లలు. బల్లలు పైకెక్కించండి, అవి నవ్వవు."

ఒక గుమాస్తా దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

అధికారి చేతులు ఊపాడు. "ఊరుకో చెల్లెమ్మా, గొడవెందుకు? అందరికీ మర్యాదగా ఉండేట్టు ఇంకో కాగితం రాయించాను. పక్క పట్నంలో ఇలాంటి పిల్లల బడి ఉంది, అక్కడికి మార్పు. నువ్వు ముద్ర వేస్తే ఇక్కడితో అయిపోతుంది. అబ్బాయ్, టీ తీసుకురా."

"టీ వద్దు. చదవండి."

అతను గబగబా చదివాడు.

"మెల్లగా, సారూ. నేను కాయలు తోడేదాన్ని. చెయ్యి తొందరపడితే తొక్క చిరుగుద్ది."

అతను మెల్లగా చదివాడు. 'తల్లి ఇష్టపూర్తిగా' అన్న చోటికి రాగానే వగీదా అరచెయ్యి కాగితం మీద పెట్టేసింది.

"ఆగండి. నా ఇష్టం మీ కాగితంలోకి ఎట్టా వచ్చింది? నన్ను అడక్కుండానే నా ఇష్టం రాసేస్తారా, ఇద్దరూ? నా ఇష్టం నేను చెబుతా, రాసుకోండి. మా వీధి బడి. ఒకటో తరగతి. కింది గది. బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారో వాళ్ళ పేరు."

"అట్లాంటి ఫారం లేదమ్మా."

"లేకపోతే చేయించండి. వెనక్కి పంపడానికి మటుకు ఉందిగా."

అధికారి రావియా వైపు తిరిగాడు. ఆమె నోరు విప్పనన్నది గనక విప్పలేదు. ఒళ్ళోని ఫైలు తెరిచి, ముద్ర పరాయి చెయ్యి వేసిందన్న ఫిర్యాదు పైకాగితాన్ని అతనికి కనబడేలా పట్టుకుంది. అది ప్రాసిక్యూటరు పేరిట రాసి ఉంది. చదవడం వచ్చిన మనిషి కదా, అతను చదివాడు. కలం మూత తీశాడు.

వగీదా చెప్పింది చెప్పినట్టు రాయించింది. మళ్ళీ చదివించుకుంది, రెండుసార్లు. ముద్ర సిరాలో అద్ది, తన చేత్తోనే, బల్ల అదిరేలా కొట్టింది. సుహైర్ ఉలిక్కిపడింది. వగీదాకు ప్రాణం హాయిగా ఉంది, కాదని అబద్ధం చెప్పడం ఎందుకు.

పోయిన పరువు కొంతైనా దక్కించుకుందామని కాబోలు, అధికారి పిల్ల వైపు వంగి ముద్దుగా అడిగాడు. "ఏం తల్లీ, నీకు నిజంగా బడికి రావాలని ఉందా?"

తస్నీమ్ నోరు తెరిచింది. మాట అడ్డం పడింది.

"పాపం, అలిసిపోయింది, దాని ఉద్దేశం ఏమిటంటే..." అని సుహైర్ అందుకోబోయింది.

"దాని మాట మీరు పూర్తి చెయ్యకండి" అంది వగీదా.

పిల్ల మెడ నరాలు బిగిశాయి, పెదవి చివర చొంగ కారింది, తల్లి తుడవలేదు. తస్నీమ్ అధికారిని చూడలేదు, సుహైర్ మొహంలోకి చూసింది.

"గేటు... ఎన్నింటికి... తీస్తారు?"

సుహైర్ ఇటూ అటూ చూసింది. జవాబు చెప్పాల్సింది తనే.

"ఏడున్నరకి" అంది.

"అయితే... ఏడింటికే... వస్తాం."

గోడవార నుంచి రావియా లేచి వచ్చి, అప్పుడు మాత్రం నోరు విప్పి, గేటు ఏడున్నరకి తీస్తామన్నది కూడా కాగితంలో రాయమంది.