ఎవరి ఫోన్ కోసం?

తొంభైల్లో విజయవాడలో నేను చేసిన ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే తిట్లు తినడం. టెలిఫోన్ ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే గది మాది. పనిచేస్తున్న ఫోన్ గురించి మాకెవరూ చెప్పరు కదా. పొద్దున సిటీబస్సు బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిన ప్రతిసారీ, ఇక్కడే దిగి ఎటో వెళ్లిపోతే ఏమవుతుంది అనిపించేది. సాయంత్రం ఇంటికొచ్చినా కుదురుండేది కాదు. పక్కింట్లో ఫోన్ మోగితే నేను లేచి తలుపేసుకునేదాన్ని.

పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒక వానాకాలం ముసురు పట్టి, కేబుళ్లలోకి నీళ్లు దిగి, కంకిపాడు వైపు సగం ఫోన్లు మూగబోయాయి. ఒకాయన ఎస్టీడీ బూత్ నుంచి ఉదయం నుంచీ మూడుసార్లు చేశాడు. అర్జెంటు అన్నాడు. అర్జెంటు అననివాళ్లెవరు? మూడోసారి ఆయన గొంతు పెంచేసరికి నేనూ పెంచాను.

"ఫోన్ పోతే ప్రాణమేం పోదులెండి" అని పెట్టేశాను.

ఆ మాట ఆఫీసరు చెవిన పడింది. రెండ్రోజుల తర్వాత పిలిచి క్షమాపణ రాసివ్వమన్నారు. నేను రాజీనామా రాశాను. ఇల్లు నా జీతం మీదే నడుస్తోందని తెలిసే రాశాను. చేతిలో ఆ కాగితం ఉంటే మూడేళ్లకి మొదటిసారి ఊపిరాడినట్టనిపించింది.

నా పక్క సీటులో వన్‌టౌన్ నుంచి సైకిల్ మీద వచ్చే ముస్లిం పెద్దాయన కూర్చునేవారు. మా అందరికన్నా సీనియర్. రిపేరైన నంబర్లకు చేసి, మోగుతోందో లేదో చూసే టెస్టింగ్ పని ఆయనది. దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. అలాంటిది ఆ రోజు లిస్టు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఆ కాగితం ఐదింటికిద్దువుగానిలేమ్మా. ఈలోగా ఇవి చెయ్యి. ఇన్నాళ్లూ తిట్లు నీకొదిలేసి తీపంతా నేనే తిన్నాను" అన్నారు.

చేశాను. ఒకావిడ మోగింది మోగింది అని ఇంటిల్లిపాదినీ కేకేసింది. ఇబ్రహీంపట్నం నుంచి ఒకాయన భోజనానికి రమ్మన్నాడు. నవ్వొచ్చింది. అంత తేలిగ్గా నవ్వినందుకు నా మీద నాకే చిరాకేసింది.

పదో నంబరు కంకిపాడుది. హలో అనగానే గొంతు గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"ఆ రోజు మా అమ్మ పోయిందమ్మా. విశాఖపట్నంలో తమ్ముడి ఆఫీసుకి కబురు చెప్పాను. వస్తున్నదీ లేనిదీ ఇంటికి ఫోన్ చేస్తాడని చూశాం. వానలో ఎంతసేపని ఉంచుతాం? చీకటి పడేలోపు తీసికెళ్దామన్నారు పాస్టరుగారు. సమాధి చేసొచ్చిన గంటకి వాడు దిగాడు."

ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ అనబోయాను. చెప్పనిచ్చిందెవరు? మూడుసార్లూ నంబరడిగాను, పేరడిగాను, అంతే. తప్పయిందండీ అన్నాను.

"ఇప్పుడు బానే వినపడుతుంది. రాసేసుకోండి" అని ఆయనే పెట్టేశాడు. ఫర్వాలేదని మాత్రం అనలేదు.

ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది. లిస్టు పెద్దాయనకిచ్చేసి మళ్లీ ఫిర్యాదుల ఫోనెత్తాను. ఒకావిడ మామూలుగానే తిట్లతో మొదలుపెట్టింది. నంబరు రాసుకుని, "ఎవరి ఫోన్ కోసం చూస్తున్నారండీ?" అని అడిగాను.

ఆవిడ తిట్లాపి, ఉయ్యూరులో కూతురికి ఆపరేషనని, అల్లుడు చేస్తానన్నాడని చెప్పింది. తర్వాతాయన కూడా అర్జెంటే అన్నాడు. అడిగితే క్రికెట్ స్కోరని ఒప్పుకున్నాడు.

సెల్‌ఫోన్లొచ్చి మా గది బోసిపోయేదాకా, పదేళ్ల పైనే అందర్నీ అదే అడిగాను. ఆఫీసులో యక్షప్రశ్న అని నాకు పేరు పెట్టారు. తిట్లు తగ్గలేదు, నా కోపమూ తగ్గలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర దిగిపోవాలని మాత్రం మళ్లీ అనిపించలేదు. క్షమాపణ మర్నాడు రాసిచ్చాను. ఆఫీసరు చదవకుండానే ఫైల్లో పెట్టుకున్నారు.

ఆ రోజు మాత్రం, కబురు కోసం చూసేవాళ్ల నంబర్లు విడిగా రాద్దామంటే చేతికి వేరే కాగితం దొరకలేదు. ఉన్నదాని వెనకే రాశాను. ఐదింటికి లైన్‌మన్ వస్తే, ముందు ఇవి చూడండని ఇచ్చాను. ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా రాజీనామా ఆయనతో పాటు సైకిలెక్కి వానలోకి వెళ్లిపోయింది.