కోదాడ బస్సులో జపం

ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక దగ్గినా తుమ్మినా పంచె తడిసేది. మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగించి, ఐదు లెక్కపెట్టి వదలమంది సూర్యాపేట డాక్టరమ్మ. ఎక్కడ చేసినా ఎవరికీ తెలియదట.

ఇంటికి తిరిగొస్తూ కోదాడ బస్సులోనే మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాను. చివ్వెంలలో ఎక్కి నా పక్కన కూర్చున్న గొర్రెలు కాసే పెద్దాయన గొంగడి సర్దుకుని, "ఏం జపం సారూ?" అన్నాడు.

"హనుమంతుడిది," అన్నాను గంభీరంగా.

ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "జపమైతే మంచిదే. గా ఆపరేషన్ కసరత్తయితే మాత్రం ఊపిరి బిగవట్టకు, పెదవులు కదపకు. నేను బస్సెక్కినప్పటి సంది చేస్తున్న. నీకేమన్న ఎరుకైందా?"